నిమ్మాడలో చచ్చిపోయిన ఛార్జరు

మొన్న ఆదివారం కాశీబుగ్గ పెట్రోలు బంకులో మా కరెంటు కారుకి ఛార్జింగు గన్ తగిలించి కూర్చున్నాను. ఒడిశా నంబరు కారొకటి వచ్చి పక్కన ఆగింది. భార్యాభర్తలు, వెనకసీట్లో నిద్రపోతున్న పాప. బరంపురం నుంచి వైజాగు వెళ్తున్నారట. అక్కడున్న ఒక్క గన్నూ నా బండికే ఉంది. నా తర్వాత వరసలో టైర్ల షాపు సింహాచలం బావ బండి ఉంది. ఆ భర్త రెండు బళ్ళనీ చూసి నిట్టూర్చి, నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ముందుకి వెళ్తే నిమ్మాడ దగ్గర ఒకటి ఉన్నట్టు చూపిస్తోంది. పచ్చగానే ఉంది. కానీ కింద ఎవరో పనిచెయ్యదని రాశారు. నిజమేనా?"

ఫోను నా ముందు పెట్టాడు. ఛార్జర్లు ఎక్కడెక్కడున్నాయో చూపించే యాప్ అది. నిమ్మాడ పేరు కింద ఒక ఫొటో. ఛార్జరు పెట్టె, వెనక దాబా రేకులు, ఫొటో మూలలో అడ్డంగా ఒక బొటనవేలు. దాని కింద రెండే మాటలు. "చచ్చిపోయింది. రావద్దు."

ఆ వేలు నాకు తెలుసు. ఆయన తీసిన ఏ ఫొటోలోనైనా ఒక మూల ఆ వేలుంటుంది. కొబ్బరికాయలు ఒలిచి ఒలిచి గోరు చీలిపోయిన వేలు. ఆ మనిషి ఈ ఏడు వానలు మొదలయ్యే రోజుల్లో, తోటలో మధ్యాహ్నం పూట నడుస్తూ నడుస్తూ కూలి, పోయాడు.

నేను నోరు తెరిచేలోపల సింహాచలం బావ అందుకున్నాడు. "ఆ మావ రాసినాడంటే ఇంక తిరుగునేదండి. అది సచ్చిపోనాది. మీరు టెక్కలిలో సూసుకోండి, కాకపోతే నా ఎనకాల కూకోండి."

ఒడిశా అతను మాత్రం నన్నే చూస్తూ నిలబడ్డాడు. బావ మాట సరిగ్గా అర్థం కాలేదో, లేక నా ముఖంలో ఏదైనా కనిపించిందో. మా వైపు పోయినవాళ్ళ మాట తీసెయ్యం. అందులోనూ వాళ్ళని దేవుడిలా చూసుకున్నవాళ్ళ ఎదుట అసలు తీసెయ్యం.

ఆయన్ని అందరూ మావ అనేవారు. నేను మావయ్యా అనేదాన్ని. బంధుత్వం ఏమీ లేదు. ఆయనది సుమ్మాదేవి స్టేషను దగ్గర పల్లెటూరు, కొబ్బరితోట, కాస్త జీడితోట. మా వైపు మొదటి కరెంటు కారు ఆయనదే. అది కొన్నప్పుడు ఊళ్ళోవాళ్ళు నవ్వారట. "మావా, కరెంటు పోతే బండిని దున్నలకి కట్టుకుంటావేటి?" అని. "దున్నలకి మాత్రం మేత అక్కర్నేదేట్రా? మేత ఎక్కడ దొరుకుతాదో ఎరిగినోడికి ఏ పశువైనా నడుస్తాది," అన్నాడట. ఆ మేత ఎక్కడ దొరుకుతుందో ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం దాకా ఆయనకే తెలుసు. ఆయన మాట మీదే పలాసలోనూ మందసలోనూ ఒకరి తర్వాత ఒకరు కొన్నారు. మా నాన్న కూడా ఎవరో వాడిన కారొకటి కొన్నాడు. నాన్నకి జీడిపప్పు కొట్టు. కారు తెచ్చాక హైవే ఎక్కడానికి ఆయనకి ధైర్యం చాల్లేదు. దాంతో స్టీరింగు నా చేతికొచ్చింది. నలుగురిలో నీళ్ళడగడానికే మొహమాటపడే నాకు!

అప్పుడు నాకు అన్నీ నేర్పింది మావయ్యే.

ఛార్జరు ముందు నిలబడగానే ఆయన చేసే మొదటి పని, పెట్టె మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి తల పక్కకి వాల్చి వినడం. కొబ్బరికాయ ముదిరిందో లేదో తోటలో చూసుకునే పద్ధతి అది. "యాప్‌లో పచ్చగా ఉందని ఉరికీకు. పచ్చంటే అది మెలకువగా ఉందని అర్థం, అంతే. మెలకువగా ఉన్నోళ్ళందరూ పని సేస్తారేటి? మీ నాన్న కొట్లో గుమస్తాని సూడు," అనేవాడు. గన్నుల్లో రెండు రకాలుంటాయనీ, నెమ్మదిగా ఎక్కేదానికి పూటంతా పడుతుందనీ, వేగంగా ఎక్కేది కూడా ఎనభై శాతం దాటాక మందగిస్తుందనీ ఆయనే చెప్పాడు. "బిందె అంచుదాకా వచ్చీసరికి కుళాయి తగ్గించవా నువ్వు? ఇదీ అంతే. అక్కడితో పీకీసి పక్కోడికి ఇచ్చీడం మర్యాద." ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్ ఎందుకు పెట్టుకోవాలో, ముందుగా దాన్లో డబ్బు వేసి ఉంచకపోతే గన్ చేతిలో పట్టుకుని ఎలా వెర్రిమొహం వెయ్యాల్సి వస్తుందో నటించి చూపించేవాడు.

ఛార్జర్లకి పేర్లు పెట్టాడు. టెక్కలిలోది ఏడుపుగొట్టు, మధ్యమధ్యలో ఆగిపోతుంది కాబట్టి. శ్రీకాకుళంలో ఒక షోరూములోది మడికట్టుకున్న అవ్వ, తమ కంపెనీ బళ్ళని తప్ప ఇంకో బండిని తాకనివ్వదు. ఇక నిమ్మాడ దాబా దగ్గరదాని మాట ఎత్తితే చాలు, చెయ్యి ఊపేసేవాడు. "దాని ఊసెందుకే. సచ్చిపోనాది. పెద్దకర్మ కూడా అయిపోనాది. బోయినాలు ఎట్టీసినారు."

మేమందరం నవ్వేవాళ్ళం. ఎవరమూ వెళ్ళి చూడలేదు. మా వైపు దారి తెలియకపోతే మనిషిని అడుగుతాం. ఒకసారి మావా అని పిలిచాక, ఆ మనిషి చెప్పినదాన్ని ఇంకోచోట వాకబు చేస్తే చెంప మీద కొట్టినట్టే. కరెంటు బళ్ళవాళ్ళం ఫోనులో ఒక గుంపుగా ఉండేవాళ్ళం. పొద్దున్నే లేచి ఎవరో ఒకరు "మావా, ఇయ్యాల ఏది పని సేస్తంది?" అని అడిగేవారు. ఆయన చెప్పిందే ఆ రోజుకి పంచాంగం.

ఇవి అందరికీ తెలిసిన సంగతులు. నాకొక్కదానికే తెలిసినది ఇంకొకటి ఉంది.

ఛార్జింగు ఎక్కుతున్నంతసేపూ నేను ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, ఎవరైనా వస్తే పైన చున్నీ కప్పేసేదాన్ని. ఇంట్లో పుస్తకాలంటే నవ్వుతారు. "కళ్ళద్దాలొస్తే సంబంధాలు రావు," అని అమ్మ. ఒకరోజు మావయ్య చున్నీ కొస పక్కకి తీసి చూశాడు. నవ్వలేదు. పక్కసీట్లోకి వచ్చి, తువ్వాలు తల వెనక పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఏటున్నాది అందులో? సెప్పు."

నేను చెప్పాను. మొదట గొణుగుతూ, తర్వాత మామూలుగా. ఎవరి ముందూ అంతసేపు మాట్లాడింది లేదు. అప్పట్నుంచి మా బళ్ళు రెండూ ఒకచోట కలిసినప్పుడల్లా నేను చదువుతున్న కథ ఆయనకి చెప్పాలి. గన్ ఆగిన చప్పుడు వినగానే చెయ్యెత్తేవాడు. "అక్కడితో ఒగ్గీ. మిగతాది మళ్ళీ ఛార్జింగుకి." ఈ సంగతి ఆయన మా నాన్నకి చెప్పలేదు, గుంపులో వేళాకోళం చెయ్యలేదు. రహస్యం దాచగల మనిషని నేను మురిసిపోయాను. డైరీలో కూడా రాసుకున్నాను. అంత బాగా దాచగలిగిన మనిషి ఇంకేం దాచగలడో ఆలోచించే వయసు కాదేమో నాది.

శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం పడిందని పేపర్లో చూసినప్పుడు ఆయనకొక్కడికే చెప్పాను. నేను పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీ ఆఫీసులో బిల్లులు కొడుతున్నాను. ఇంట్లో చెబితే ఇది మానెయ్యనివ్వరు. ఆయన నా నెత్తిన చెయ్యి పెట్టి, "ఎళ్ళు గుంటా. నీ జాగా అదే," అన్నాడు. ఆ మాట అన్నవాళ్ళు అప్పటికీ ఇప్పటికీ ఇంకెవరూ లేరు.

ఇంటర్వ్యూ ముందురోజు సాయంత్రం గాలివాన. కరెంటు తీగలు తెగాయి. ఇంట్లో బండికి ఛార్జింగు ఎక్కలేదు, పొద్దున్నకి కాశీబుగ్గ బంకులోనూ కరెంటు లేదు. బండిలో ఉన్నది శ్రీకాకుళం చేర్చేంత కాదు, దారిలో ఎక్కడో ఆగాలి. యాప్ తీస్తే నిమ్మాడ పచ్చగా ఉంది. టెక్కలిలోనూ పచ్చే. అలవాటుగా మావయ్యకి ఫోను చేశాను.

"మావయ్యా, నాకు పదింటికి అక్కడుండాలి. నిమ్మాడలోది బాగుచేశారేమో, పచ్చగా ఉంది. తిన్నగా అక్కడికే పోనా?"

మామూలు గొంతుతోనే అన్నాడు. "సచ్చిపోయినోళ్ళు లెగుత్తారేటే? టెక్కలిలో ఎక్కించీసుకో. బేగి బయల్దేరు. బాగా మాటాడు, బయపడీకు."

టెక్కలిలో నా ముందు రెండు బళ్ళున్నాయి. రాత్రి కరెంటు పోయింది అందరికీ కదా. నా వంతు వచ్చాక ఏడుపుగొట్టు తన పేరు నిలబెట్టుకుంటూ రెండుసార్లు ఆగింది. సరిపడినంత ఎక్కిందనిపించగానే గన్ పీకేసి బయల్దేరాను. అప్పటికే ఆలస్యమైంది. అయినా మావయ్య అన్నట్టు బాగా మాట్లాడాలని, కారులో ఒక్కదాన్నే పైకి జవాబులు చెప్పుకుంటూ వెళ్తున్నాను.

నిమ్మాడ దాబా దగ్గర ఆయన తెల్లకారు కనిపించింది. నా కాలు దానంతటదే బ్రేకు మీద పడింది.

కారుకి గన్ తగిలించి ఉంది. పెట్టె మీద దీపం నిదానంగా వెలిగి ఆరుతోంది. ఆయన పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని టీ తాగుతున్నాడు. శ్రీకాకుళం ఆసుపత్రికి ఆయన రోజూ కిరాయికి తీసుకెళ్ళే మనుషులు లోపల టిఫిన్లు తింటున్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చాడు.

"ఏటే గుంటా, నువ్వింకా ఎళ్ళనేదా?"

నేను గన్ వైపు చూశాను. ఆయనా చూశాడు.

"ఇది ఇప్పుడే బతికినాదే. నానే ఆచ్చిర్యపోనాను."

దాబా అతను నాకు కూడా టీ గ్లాసు పట్టుకొచ్చాడు. పాపం, ఏమీ తెలియదు. "ఇప్పుడేటి బాబూ? దీనికేటి రోగం, రాయిలాగుంటేనూ! నువ్వు రోజూ ఇక్కడే ఎక్కించుకుంతన్నావు కాదేటి?" అని, నా వైపు తిరిగి, "ఈ బాబొక్కడేనమ్మా మాకు బేరం. ఇంకెవులూ రారు. ఎందుకో మరి తెల్దు," అన్నాడు.

మావయ్య టీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. టీ తీసుకోకుండా కారెక్కాను.

కాలేజీలో ఒక గుమస్తా ఫైళ్ళు సర్దుతున్నాడు. "అయిపోయాయమ్మా. ఒకమ్మాయిని తీసేసుకున్నారు కూడా," అన్నాడు. అతని వెనక అద్దం తలుపులోంచి బీరువాల వరస కనిపించింది. చాలా పొడుగ్గా ఉంది. మళ్ళీ ఆ వీధిలోకి నేను వెళ్ళలేదు.

తర్వాత వారంలో మావయ్య కొబ్బరిగెల ఒకటి మోసుకుంటూ మా ఇంటికొచ్చాడు. నాన్న కొట్లో ఉన్నాడు, అమ్మ పెరట్లో. అరుగు మీద గెల దించి, దాని పక్కనే కూర్చున్నాడు.

"కోపమొచ్చినాదేటి?"

నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"సూడమ్మా. నీకు సెప్పినాననుకో. నువ్వు మీ నాన్నకి సెప్తావు. మీ నాన్న కొట్లో కూకున్నోళ్ళందరికీ సెప్తాడు. రేపటేల నాను ఎళ్ళీసరికి అక్కడ నాలుగు బళ్ళు. ఆసుపత్రికెళ్ళీవోళ్ళు నా బండి ఎందుకెక్కుతారు? టయానికి దింపుతానని కాదేటి? ఈ బళ్ళు అందరిసేతా కొనిపించీసినాను. నా తోవ నాకు ఒక్కటైనా ఉండాల గదా."

"నేనెవరికి చెప్తాను మావయ్యా?" అన్నాను. "నేనసలు ఎవరితో మాట్లాడతాను?"

ఆ మాటకి ఆయన నిజంగానే ఆలోచించాడు. నాకు ఇప్పటికీ ఆ ముఖం కళ్ళకి కట్టినట్టుంది. నుదురు ముడిచి, ఏదో లెక్క తప్పినచోటికి వెనక్కి వెళ్ళి చూసుకుంటున్నవాడిలా.

"అదీ నిజవే," అన్నాడు చివరికి. "కాని అందరికీ ఒకటే మాట సెప్పాలే. ఒకలికి ఒకటీ ఇంకొకలికి ఇంకొకటీ అంటే నిలబడదు."

నన్ను మోసం చెయ్యాలని చేసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. కోపంతో చేసినా బాగుండేది. నన్ను అందరిలో కలిపేశాడు, అంతే. నెత్తిన చెయ్యి పెట్టిన మనిషికి, ఇంటర్వ్యూకి వెళ్తున్నానని తెలిసిన ఒకే ఒక్క మనిషికి, ఆ పొద్దున్న ఫోనులో నా గొంతు గుంపులో వచ్చే ఒక మెసేజి అయిపోయింది.

లేచి వెళ్ళబోతూ మెట్టు మీద ఆగాడు. "ఆ కథేటయినాది? పడవ పోగొట్టుకున్నోడు, వోడు ఇల్లు సేరినాడా?"

"ఇంకా చదవలేదు," అన్నాను.

చదివేశాను. ఆ జాలరి ఇల్లు చేరాడు. ఆయనకి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఛార్జరు దగ్గర ఆయన కారు కనిపిస్తే నేను ఆగకుండా వెళ్ళిపోయేదాన్ని. నిమ్మాడలో కూడా ఎప్పుడూ ఆగలేదు. టెక్కలిలోనే ఏడుపుగొట్టు ముందు కూర్చునేదాన్ని. ఆయన గుంపులో ఎప్పట్లాగే పొద్దున్నే పంచాంగం చెప్పేవాడు. యాప్‌లో ఎవరైనా దారినపోయేవాళ్ళు నిమ్మాడలోది బాగానే ఉందని రాస్తే, ఒకటి రెండు రోజుల్లో దాని పైన మళ్ళీ ఆ బొటనవేలు వచ్చి కూర్చునేది.

ఆయన పెద్దకర్మకి నాన్నతో పాటు వెళ్ళాను. తోటలో టెంటు వేశారు. భోజనాల బంతి మొదలవ్వకముందు కరెంటు బళ్ళవాళ్ళందరూ ఒకచోట చేరి ఆయన ఫొటోకి దండ వేశారు. "మనకి తోవ సూపించినోడు," అని సింహాచలం బావ ఏడ్చాడు. నేను విస్తరి ముందు తలవంచుకుని తిన్నాను. నా పక్కనున్నామె, "నువ్వూ బాగా దగ్గరంట గదమ్మా ఆయనకి," అని నా వీపు నిమిరింది.

"అమ్మా?" అన్నాడు ఒడిశా అతను మళ్ళీ. వెనకసీట్లో పాప లేచి ఏడుపు మొదలెట్టింది.

నేను కారు తలుపు తీసుకుని దిగాను. కూర్చుని చెబితే వినిపించదేమో అనిపించింది.

"వెళ్ళండి. అది పనిచేస్తుంది," అన్నాను. "దాబా అతన్ని అడిగితే చూపిస్తాడు. ఎవరూ ఉండరు, తొందరగా అయిపోతుంది."

అతను ఫోనులోని ఫొటో వైపొకసారి, నా వైపొకసారి చూసి, తలూపి వెళ్ళిపోయాడు. కారు రోడ్డెక్కేదాకా సింహాచలం బావ ఆగాడు.

"ఏటే, అలగ సెప్పీసినావు? అది సచ్చిపోనాదని మావ రాసినాడు గదా. పిల్లతల్లితోటి తోవలో ఆగిపోతారు వోళ్ళు."

"చచ్చిపోలేదు బావా. మావయ్య అక్కడే ఎక్కించుకునేవాడు. నేను చూశాను."

"ఎప్పుడో ఒక్కపాలి ఎక్కించుంటాడు."

"రోజూ అట. దాబా అతను ఆయన ముందే చెప్పాడు."

బావ నవ్వబోయాడు. పోయినోడి మీద ఇలాంటి మాటలు తగవని అనబోయాడు కూడా, పెదాలు అలా కదిలాయి. కానీ నేను అబద్ధమాడేంత మాట్లాడే మనిషిని కాదని బావకీ తెలుసు. బండికి ఆనుకుని నిలబడిపోయాడు.

"మా ఆవిడ్ని శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్ళినన్నాళ్ళూ," అన్నాడు, నాతో కాదు, రోడ్డుతో అన్నట్టు. "టెక్కలిలో వరసలో ఎండలో కూకోబెట్టీవాణ్ణి. ఏసీ ఏత్తే ఛార్జింగు దిగిపోతాదని అద్దాలు దింపీసి, ఇసనకర్ర ఇచ్చి. అప్పుడు మావ ఫోను సేసీవోడే. దానికి ఎలగుందిరా, ఏటైనా తిన్నాదా అని. అదే మాటలో, నిమ్మాడకి ఎళ్ళీకు, టెక్కలిలోనే ఆగు అనీవోడు."

నా బండి ఎనభైకి వచ్చింది. గన్ పీకి బావ చేతికిచ్చాను. ఆయన దాన్ని పట్టుకుని అలాగే ఉన్నాడు.

"పోనీ, ఊరందరికీ సెప్పకపోతే ఒగ్గీ," అన్నాడు. "నాకైనా సెప్పాల గదా."

కొబ్బరిగెల తెచ్చిన రోజు గుమ్మంలో నిలబడి నేను మావయ్యని అడిగిందీ ఇంచుమించు ఇదే.

బావ గన్ తగిలించబోతూ అలవాటు కొద్దీ వేలి కణుపుతో పెట్టె మీద రెండుసార్లు కొట్టి, తల పక్కకి వాల్చాడు. సగంలో ఆగి, ఆ చెయ్యి వెనక్కి తీసుకుని, చొక్కాకి తుడుచుకున్నాడు.